నీ ఎడమ

దిల్‌సుఖ్‌నగర్‌ల, మెట్రో పిల్లర్ ఎదురుంగ,
నాలుగో అంతస్తుల చిట్టీల కంపెనీ.
ఏజెంట్లకు ట్రైనింగ్ హాలు కట్టిండ్రు.
గోడ నిండ సూక్తులుండాలన్నడు చక్రపాణి సారు,
"చూడంగనే రక్తం ఉరకాలె."

నేను స్టిక్కర్లు కోసేటోణ్ణి.
ముషీరాబాద్ గల్లీల మా మిషన్
రాత్రంత కోసింది నాయకత్వాన్ని.
పొద్దుగాల సూదితోని ఒలుస్తుంటే
పెద్దక్షరాలు బుద్ధిగ వస్తయి,
ఒత్తులే ఏడిపిస్తయి.
'నాయకత్వం' కింద వ-వత్తు
చింతగింజంత గూడ ఉండదు,
బొటనవేలికి అంటుకొని
గోడకు పోనంటది.
'వ్యూహం'ల య-వత్తు ఇంకా మొండిది,
కొడవలి లెక్క వంగి పక్కక్షరాన్ని పట్టుకుంటది.

"ముందు నడిచేటోడే నాయకుడు" తలుపు పక్కన.
"మాటే మనిషికి మూలధనం" కిటికీ పైన.
"ప్రణాళిక లేని పని దారం లేని పతంగి" ఏసీ కింద.
రసమట్టం పెట్టి చూసిన,
ఒక్కటి గూడ వంకర లేదు.
నమ్మినవా అంటే, నన్నెవరడిగిండ్రు?
అడుగుకు ఇంత అని రేటు.

అదే రోజు అద్దం వచ్చింది,
సారు క్యాబిన్‌కు, పది అడుగులది.
లిఫ్టుల పట్టదు. మెట్లే గతి.
మోసేది నలుగురు. ముందు కొసకు బాలనర్సయ్య,
బక్క మనిషి, చెవిల సగం కాల్చిన బీడీ,
ఎనక్కి ఎనక్కి నడుచుకుంట ఎక్కుతున్నడు.
"మెట్టు."
ఆగిండు.
"మెట్టు."
కింది కొసకు ఖాసిం, కొత్త పిలగాడు.
కాగితం చుట్టిన అద్దం అడ్డమొచ్చి
సొంత కాళ్లే కనవడవు వానికి.
గా ఒక్క మాటే కండ్లు.
మలుపు కాడ బాలనర్సయ్య అన్నడు:
"ఎడమకు. నీ ఎడమ. నాది కాదు."

పైమెట్టు మీద టేపు పట్టుకొని నిలవడ్డ నేను.
అరే, అనుకున్న.
ఎన్ని వేల అడుగుల మాటలు అతికించిన,
ఏ గోడ మీద లేదు గీ ముక్క,
ఎదుటోని ఎడమ వేరే ఉంటదని.

చాయ్ కాడ అడిగిన,
మూడో మలుపు గంత ఇరుకు గద,
పడుతదని ఎట్ల తెలుసని.
జేబుల నుంచి సుతిలి తీసిండు. రెండు ముడులు.
"నిన్న మాపటీలి వచ్చి కొలుచుకపోయిన.
గిది అద్దం. గిది మలుపు.
నడుమ నాలుగు వేళ్ల సందు."
"పట్టకపోతే?"
"అద్దం తేవద్దని చెప్తుంటి గద బిడ్డా,"
అని బీడీ ముట్టించిండు.

ఏడాదిన్నర.
ఒక సోమారం షట్టర్ లేవలే.
చక్రపాణి సారు ఫోన్ కలుస్తలేదు.
ఫాల్స్ కుట్టే సక్కుబాయి
పాస్‌బుక్కు కొంగుల ముడేసుకొని
నెల రోజులు వచ్చింది,
తాళాన్ని చూసి పోయింది.
ఎవరిని తిట్టాల్నో గూడ తెల్వదామెకు.

బిల్డింగ్ ఓనర్ పిలిచిండు, గోడలు గీకమని.
హెయిర్ డ్రయ్యర్‌తోని వేడి పెడితే
నాయకుడు మెత్తవడి ముడుచుకున్నడు,
మూలధనం ఒక్క గుంజుకు వచ్చింది.
మాటలు పోయినయ్ గని
వాటి కింద రంగు కొత్తగనే ఉంది,
దుమ్ము తాకని అక్షరాల ఆకారంల.
రెండు కోట్లు వేస్తే గని మాయం కాలే.

ఇప్పుడక్కడ రక్తపరీక్షల సెంటర్.
అద్దం గదే. గీత గూడ పడలే.
దాని మీద నాతోనే అతికించిండ్రు:
"పరగడుపున రండి. మంచినీళ్లు తాగొచ్చు."
చదివినోళ్లు చదివినట్టే చేస్తున్నరు.
నా చేతి మాటకు గంత విలువ
ఇరవై ఏండ్లల్ల చూడలే.

బాలనర్సయ్య యాడున్నడో తెల్వదు.
ఖాసిం కనవడ్డడు మొన్న, నానక్‌రాంగూడల,
లిఫ్ట్ ఇంకా పెట్టని టవర్‌ల.
ముందు కొస పట్టుకొని, ఎనక్కి నడుచుకుంట,
ఎవరో బిహార్ పిలగానికి చెప్తున్నడు:
"సీడీ."
ఆగిండు.
"సీడీ."
మలుపు కాడ చెమట తుడుచుకోకుంటనే,
"బాయా. తేరా బాయా. మేరా నై."

నా భుజం మీద కొత్త గోడకు కొత్త సూక్తులు.
రోలు నిలువుగ పట్టుకొని
గోడకు ఒదిగి నిలవడ్డ,
వాళ్లు దాటేదాక.